బుద్ధుడు మన పార్టీ మనిషి కాదు

మొన్న బుద్ధపూర్ణిమ నాడు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. పద్మాసనంలో బుద్ధుడి బొమ్మ, దాని కింద "ఎవరు చెప్పినా నమ్మకు, గ్రంథాల్లో ఉందని నమ్మకు, నేను చెప్పానని కూడా నమ్మకు, నీ బుద్ధికి సరిపోతేనే నమ్ము" అని నాలుగు లైన్లు. వెంటనే చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకడు దేవుడి మాటెత్తితే మండిపడే హేతువాది. ఇంకొకాయన ఏకాదశి ఉపవాసాలు తప్పకుండా చేసే మనిషి, బుద్ధుడు దశావతారాల్లో ఒకడని గట్టిగా నమ్ముతాడు. మామూలుగా వీళ్లిద్దరికీ ఉల్లిపాయ దగ్గర కూడా కుదరదు. బుద్ధుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

నాకు అనుమానం పుట్టింది అక్కడే. ఒక మనిషి మాట అందరికీ ఇంత హాయిగా ఉందంటే అందులో ఎవరో కత్తెర వేసి ఉండాలి. నేను పాలీ సుత్తాలు, అంటే పాలీ భాషలో ఉన్న బుద్ధుడి ఉపన్యాసాలు, చాన్నాళ్లుగా అనువాదాల్లో చదువుతున్నాను, తట్టినప్పుడు మూలం పక్కన పెట్టుకుని. చదివేకొద్దీ నాకు బలపడుతున్న అభిప్రాయం ఒకటుంది, దాన్ని ముందే చెప్పేస్తాను. తొలి బౌద్ధంలో నమ్మాలా వద్దా అన్నది చిన్న గొడవ. "నేను", "నాది" అని మనం దేన్నైతే అంటున్నామో దాన్ని ఆయన ఒక్కో పోగూ విప్పి చూపించిన పద్ధతే పెద్ద విషయం, అది ఆస్తికుడికి మింగుడుపడదు, నాస్తికుడికీ అంత సులువుగా దిగదు. అందుకే ఇద్దరూ దాన్ని పక్కనబెట్టి, ఫార్వర్డ్ చేయడానికి వీలైన ముక్క పట్టుకున్నారు.

కాలాములకు చెప్పిన మిగతా సగం

ఆ మెసేజ్‌కి మూలం అంగుత్తర నికాయంలో ఉంది (నికాయాలంటే సుత్తాల సంపుటాలు). కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనం బుద్ధుడి దగ్గర మొరపెట్టుకుంటారు: ఒక శ్రమణుడు (ఇల్లు వదిలిన సన్యాసి) వచ్చి తన మతమే గొప్పదంటాడు, మిగతావాళ్లని తిడతాడు, అతను వెళ్లగానే ఇంకొకడు వస్తాడు, అతనూ అంతే, ఎవరిది నిజమో మాకెలా తెలియాలి? ఎన్నికల సీజన్లో మన ఊళ్లు ఎలా ఉంటాయో అలా ఉండి ఉంటుంది కేసపుత్త.

బుద్ధుడు పది చెప్తాడు, వీటిని ఆధారం చేసుకుని నమ్మేయకండి అని. విన్నాం కదా అని, పరంపరగా వస్తోందని, పిటకాల్లో ఉందని, ఈయన మా గురువు కదా అని. ఇంతవరకూ మెసేజ్‌లో వస్తుంది. కానీ ఆ పదిలోనే ఇంకా కొన్ని ఉన్నాయి. తర్కానికి నిలిచిందని నమ్మకండి. ఊహించి చూస్తే తేలిందని నమ్మకండి. ఆలోచిస్తే సబబుగానే తోచిందని, మనకు ఇదివరకే ఉన్న అభిప్రాయంతో బాగా కుదిరిందని నమ్మకండి. అంటే "నీ బుద్ధికి సరిపోతేనే నమ్ము" అన్న లైను సుత్తంలో లేకపోగా, దానికి దాదాపు ఎదురు మాట ఉంది. మన బుద్ధికి ఏది సరిపోతుందో దాని మీదే ఆయనకు ఎక్కువ అనుమానం.

మరి మిగిలిందేమిటి? ఒక్కొక్కటే అడుగుతూ పోతాడు. లోభం పుడితే మనిషికి మేలా, కీడా? లోభంలో కూరుకుపోయినవాడు ప్రాణం తీస్తాడా లేదా, దొంగతనం చేస్తాడా లేదా, అబద్ధమాడతాడా లేదా? ద్వేషం సంగతి? మోహం, అంటే భ్రమ, దాని సంగతి? అన్నీ వాళ్ల నోటితోనే చెప్పిస్తాడు. పైగా, తెలిసినవాళ్లు దేన్ని తప్పుబడతారు అన్నది కూడా చూసుకోమంటాడు, అది మన హేతువాది మిత్రుడికి అస్సలు నచ్చని మాట. చివర్లో ఒక పందెం లాంటిది వేస్తాడు: పరలోకం ఉందనుకో, ద్వేషం లేకుండా బతికినవాడికి అక్కడా మంచే, లేదనుకో, ఇక్కడైనా పగ లేకుండా ప్రశాంతంగా బతికాడు. మొదటి సగం ఒకడికి నచ్చదు, రెండో సగం ఇంకొకడికి నచ్చదు. కాబట్టి ఈ భాగం ఏ గ్రూపులోకీ రాదు.

ఆ రోజుల్లో నిఖార్సైన భౌతికవాది వేరే ఉన్నాడు. అజిత కేశకంబలి. దీఘ నికాయంలో మగధ రాజు అజాతశత్రువు అతని మాటలు గుర్తుచేసుకుంటాడు: దానం లేదు, యజ్ఞం లేదు, పరలోకం లేదు, మనిషంటే నాలుగు భూతాల ముద్ద, చచ్చాక మట్టి మట్టిలో కలుస్తుంది, మూర్ఖుడైనా పండితుడైనా అంతే. బుద్ధుడు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు, తప్పుదారి అనే అన్నాడు. నిజానికి మన నాస్తిక మిత్రులు విగ్రహం పెట్టుకోవలసింది అజితుడికి. పాపం అతని మాటలు అతని ప్రత్యర్థుల పుస్తకాల్లోనే మిగిలాయి, టాంక్‌బండ్ దగ్గర చోటు దొరకలేదు.

గోదావరి ఒడ్డు నుంచి వెళ్లిన పదహారుమంది

తొలి బౌద్ధం మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను సుత్తనిపాతం అనే పాత సంకలనంలో చివరి భాగం, పారాయణవగ్గం చదవమంటాను. ఇది చాలా పాతది అనడానికి గట్టి కారణమే ఉంది. మిగతా నికాయాల్లోని సుత్తాలే దీన్ని పేరుపెట్టి ఉటంకిస్తాయి. దీని మీద రాసిన వ్యాఖ్యానం కూడా బౌద్ధుల మూలగ్రంథాలైన త్రిపిటకంలోనే చేరిపోయింది.

ఇందులో కథ మన గోదావరి దగ్గర మొదలవుతుంది. కోసల దేశం నుంచి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు అస్సక రాజ్యంలో, గోదావరి ఒడ్డున, ఏరుకున్న గింజలతో, పళ్లతో బతుకుతుంటాడు. అస్సక రాజధాని ఇప్పటి బోధన్ అని చాలామంది చరిత్రకారులు అంటారు. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని మనవాళ్లు కొందరు చూపిస్తారు, పైఠాన్ వైపు అని ఇంకొందరు. ఆ తగువు నేను తీర్చలేను. ఎక్కడైనా గోదావరే.

బావరి ఉన్నదంతా యజ్ఞంలో దానం చేసేశాక, ఒక బ్రాహ్మణుడు దుమ్ము కాళ్లతో వచ్చి ఐదువందల నాణేలు అడుగుతాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. బావరి తిండి మానేసి చిక్కిపోతాడు. అప్పుడొక దేవత వచ్చి, వాడికి తలంటే ఏమిటో తెలీదు, డబ్బు కోసం వచ్చిన మోసగాడు, ఆ సంగతి తెలిసినవాడు ఉత్తరాన ఉన్నాడు అంటుంది. బావరి పదహారుమంది శిష్యుల్ని పంపుతాడు. వాళ్లు పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి మీదుగా బుద్ధుణ్ణి వెతుక్కుంటూ చివరికి రాజగృహం దగ్గర పట్టుకుంటారు. తల సంగతికి ఆయన చెప్పిన జవాబు: అవిద్యే తల, విద్యే దాన్ని పగలగొట్టేది. శాపం భయం మీద ఇంత దూరం వచ్చినవాళ్లకి ఈ జవాబు చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. ఈ ముందు కథని తర్వాతెప్పుడో అతికించారని పండితులంటారు, అయి ఉండవచ్చు. అసలు సరుకు ఆ పదహారుమంది ప్రశ్నల్లో ఉంది.

ఒక్కరు కూడా దేవుడున్నాడా అని అడగరు, చూడండి. లోకం దేనితో కప్పబడి ఉంది అంటాడు అజితుడు (ఇతను వేరే అజితుడు). ఈ దుఃఖాలన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి అంటాడు మెత్తగు. ఆరిపోయినవాడు లేకుండా పోయినట్టా, ఎప్పటికీ సుఖంగా ఉన్నట్టా అంటాడు ఉపసీవుడు. గాలికి ఆరిన మంటని ఎలా లెక్కకట్టలేమో అలాగే అతన్నీ ఏ లెక్కలోకీ తేలేమని దానికి జవాబు. మోఘరాజు ఇదివరకే రెండుసార్లు అడిగాడు, బుద్ధుడు పలకలేదు. మూడోసారి అడిగితే చెప్తాడని విన్నానంటూ మళ్లీ వచ్చాడు. లోకాన్ని ఎలా చూస్తే మృత్యువు కంటపడకుండా ఉంటాం? "లోకాన్ని శూన్యంగా చూడు, మోఘరాజా. ఎప్పుడూ ఎరుకతో ఉండు. నేననే దృష్టిని పెకిలించు." శూన్యం అనగానే మనకు శూన్యవాదం చెప్పిన ఆచార్య నాగార్జునుడు గుర్తొస్తాడు. ఆయన కంటే శతాబ్దాల ముందే గోదావరి నుంచి వెళ్లిన ఒక కుర్రాడికి చెప్పిన రెండు లైన్లలో ఆ మాట ఉంది.

ఇక్కడ నా వాదానికి ఎదురుతిరిగే మనిషి కూడా ఉన్నాడు, పింగియుడు. ముసలివాడు, కళ్లు సరిగ్గా కనిపించవు, చెవులు వినిపించవు. తిరిగి బావరి దగ్గరికి వచ్చి కథంతా చెప్తే, అంత గొప్పవాణ్ణి వదిలి ఎలా వచ్చావయ్యా అని బావరి అడుగుతాడు. ఒంట్లో బలం లేక శరీరం అక్కడికి వెళ్లలేకపోతోంది గానీ, రాత్రీపగలూ మనసుతో ఆయన్నే చూస్తున్నాను, ఒక్క క్షణం కూడా విడిగా లేను అంటాడు పింగియుడు. ఇది అచ్చమైన భక్తి. అంత పాత పొరలోనే ఉంది. భక్తి అంతా తర్వాత మహాయానం వాళ్లు కలిపిన కల్తీ అనే మాట ఈ పద్యాల ముందు నిలబడదు.

నా మాట వినని నా ఒళ్లు

సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చెప్పిన అనాత్మ ఉపన్యాసం చాలా చిన్నది, వాదం కూడా చాలా మామూలుగా ఉంటుంది. ఈ శరీరం నేనే అయితే, నాకు జబ్బు చేయకూడదు. నా ఒళ్లు ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు అంటే అది వినాలి. వినడం లేదు కదా? అలాగే వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (సంకల్పాలు), విజ్ఞానం (తెలియడం). శరీరంతో కలిపి ఈ ఐదింటినీ స్కంధాలంటారు. మాట విననివి, మారిపోయేవి, మారి బాధపెట్టేవి. వాటిని పట్టుకుని ఇది నాది, ఇది నేను, ఇది నా ఆత్మ అనడం సబబేనా?

మొదటిసారి చదివినప్పుడు ఇందులో నాకు పెద్ద లోపం కనిపించింది. పూర్తిగా వినకపోవచ్చు, కొంత వింటుంది కదా. చెయ్యెత్తమంటే చెయ్యి లేస్తోంది. రాజు మాట రాజ్యంలో ప్రతివాడూ వినడు, అంతమాత్రాన రాజ్యం అతనిది కాకుండా పోతుందా? తమాషాగా, సరిగ్గా ఈ రాజు పోలికే మజ్ఝిమ నికాయంలో వస్తుంది. వైశాలిలో సచ్చకుడనే వాదనలమారి ఉండేవాడు, తనతో వాదానికి దిగితే ప్రాణం లేని స్తంభం కూడా వణుకుతుందని చెప్పుకునేవాడు. రాజుకి తన రాజ్యంలో శిక్షించే అధికారం ఉందా అని బుద్ధుడు అడిగితే, ఓ, నిక్షేపంగా ఉంది అన్నాడు. మరి నీ రూపం మీద, అంటే నీ ఒంటి మీద, నీకు అలాంటి అధికారం ఉందా అనేసరికి నోరు పెగల్లేదు. నేను సచ్చకుడి స్థానంలో ఉంటే "కొంత ఉంది" అనేవాణ్ణి. ఆ జవాబు అతనికి ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు. అయితే ఆ కొంత పెత్తనం కూడా నరాలూ, అలవాటూ, తిన్న తిండీ, నిద్రా అన్నీ కుదిరితేనే నడుస్తుంది. ఒక్కటి దెబ్బతిన్నా చెయ్యి లేవదు. యజమాని అనుకున్నవాడు కూడా ఆ కారణాల వరసలో ఒకడే అవుతాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అని ప్రతీత్యసముత్పాదం చెప్పేది అదే.

సిద్ధాంతంగా ఇది పొడిగా ఉంటుంది. నాకు దీని వాడి తగిలింది ఎప్‌సెట్ ఫలితాల రోజున. మా మేనల్లుడి హాల్‌టికెట్ నంబరు మా అక్క ఫోన్లో కొట్టింది. యాభై నాలుగు వేల చిల్లర ర్యాంకు. అక్క అలాగే సోఫాలో కూలబడింది, బావ టీవీ ఆపేశాడు, వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఓ నిమిషం తర్వాత ఎవరో పేరు చూశారు. ఒక అంకె తేడా పడింది, ఆ ర్యాంకు ఎవరో వేరే పిల్లాడిది. "అమ్మయ్య" అంది అక్క, అందరం నవ్వాం కూడా. ఆ ర్యాంకు స్క్రీన్ మీద అలాగే ఉంది. ఆ పిల్లాడూ ఎక్కడో ఉన్నాడు, వాళ్లమ్మా ఉంది, బహుశా ఆ నిమిషంలో అదే స్క్రీన్ చూస్తూ ఉంది. ఇక్కడ మారింది మనది అన్న ముక్క ఒక్కటే, దాంతోపాటు మా ఇంట్లో దుఃఖం మొత్తం చెయ్యి తీసేసినట్టు పోయింది. అక్క మీద నేరం మోపడానికి చెప్పడం లేదు, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అయితే ఆత్మ లేదు అని బల్లగుద్ది చెప్పేయవచ్చు కదా? వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు (ఊళ్లు తిరిగే సన్యాసి) సూటిగా అదే అడిగాడు. ఆత్మ ఉందా? బుద్ధుడు పలకలేదు. అయితే లేదా? అప్పుడూ పలకలేదు. అతను లేచి వెళ్లిపోయాక శిష్యుడు ఆనందుడు అడిగితే బుద్ధుడు చెప్పాడు: ఉందంటే ఆత్మ ఎప్పటికీ ఉంటుందనే శాశ్వతవాదుల్లో కలిసినట్టు, లేదంటే చావుతో అంతా అయిపోతుందనే ఉచ్ఛేదవాదుల్లో కలిసినట్టు, పైగా ఇప్పటికే అయోమయంలో ఉన్న మనిషి, ఇదివరకు నాకో ఆత్మ ఉండేది, ఇప్పుడది పోయింది అని ఇంకా బెంగపడతాడు. ధమ్మపదంలో ధర్మాలన్నీ, అంటే ఉన్న ప్రతిదీ, అనాత్మ అని ఉంది కదా, ఇంకా సందేహమేమిటి అంటారు కొందరు. ఉంది, కాదనను. కానీ ఏ వస్తువుని చూపించినా ఇది నువ్వు కాదు అనడం వేరు, ఆత్మ లేదు అని ఒక జెండా పాతడం వేరు అని నాకనిపిస్తుంది. రెండోది కూడా పట్టుకుని వేలాడటానికి ఒక అభిప్రాయమే. "నేను" లేనివాణ్ణి నేను అని గర్వపడే మనుషుల్ని నేను ధ్యాన శిబిరాల్లో చూశాను.

దీని మీద నికాయాల్లో నాకు బాగా ఇష్టమైనది ఖేమకుడి ఉదంతం. కౌశాంబిలో ఖేమకుడనే భిక్షువు జబ్బుపడి బదరికారామంలో ఉంటాడు. ఘోషితారామంలోని పెద్దలు దాసకుడనే భిక్షువుని పంపి ఎలా ఉందని అడుగుతారు. బాగాలేదు, నొప్పి పెరుగుతోంది అంటాడు. ఐదు స్కంధాల్లో దేన్నైనా నేను అనుకుంటున్నావా అని మళ్లీ అడిగిస్తారు. దేన్నీ అనుకోవడం లేదు. అయితే నువ్వు అర్హతుడివే, అంటే పూర్తిగా విముక్తుడివే కదా? కాదు, "నేను" అన్నది ఇంకా పోలేదు. అదేమిటో అడిగి రా అని దాసకుణ్ణి మళ్లీ పంపితే, జబ్బు మనిషి విసిగిపోయి, ఎందుకయ్యా ఈ తిరుగుడు, నా కర్ర ఇలా ఇవ్వు అని తనే లేచి వెళ్తాడు. వెళ్లి చెప్పిన పోలిక ఇది: మాసిన బట్టని చాకలికిస్తారు. అతను చవుడు మట్టి, పేడ వేసి రుద్ది ఉతుకుతాడు. బట్ట శుభ్రమైపోతుంది, కానీ ఆ చవుడు వాసన, పేడ వాసన దాన్ని అంటుకునే ఉంటాయి. దాన్ని సుగంధం పెట్టెలో పెడితే మెల్లగా పోతాయి. శరీరం నేను కాదు, మనసు నేను కాదు అని తెలిసిపోయినా, "నేను" వాసన మిగిలి ఉంటుంది. ఆ మాట చెప్తుండగానే ఖేమకుడికీ, వింటున్న అరవైమంది పెద్దలకీ విముక్తి కలిగిందని సుత్తం. అర్హతుణ్ణి కాను అని ఒప్పుకున్న మనిషే ఆ సభలో గురువయ్యాడు.

ఆస్పత్రి వరండాలో కర్మ

ఒకసారి మా బంధువుల పాప ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్లాం. వరండాలో కుర్చీల మీద కూర్చున్నాం. పలకరించడానికి వచ్చిన ఒక పెద్దావిడ, మంచి ఉద్దేశంతోనే, పాప తల్లి చెయ్యి పట్టుకుని "ఏ జన్మలో చేసుకున్న పాపమో అమ్మా, అనుభవించాల్సిందే" అంది. ఆ తల్లి ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది.

బౌద్ధమూ ఇదే చెప్తుంది కదా, కర్మ సిద్ధాంతమే కదా అని చాలామంది అనుకుంటారు. సీవకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమే అంటున్నారు కొందరు శ్రమణ బ్రాహ్మణులు, తమరేమంటారు? బుద్ధుడు వైద్యుడిలా లెక్కపెట్టాడు. పిత్తం వల్ల కొన్ని బాధలు వస్తాయి, కఫం వల్ల కొన్ని, వాతం వల్ల కొన్ని, మూడూ కలిసి కొన్ని, రుతువులు మారడం వల్ల కొన్ని, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల కొన్ని, దెబ్బ తగిలి కొన్ని, కర్మ వల్ల కొన్ని. ఎనిమిదిలో కర్మ చిట్టచివరిది. అన్నీ కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ దాటిపోతున్నారు, లోకమంతా ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారు, అది తప్పు అన్నాడు. ఇంకోచోట ఆయన చేతననే, అంటే సంకల్పాన్నే కర్మ అంటున్నానంటాడు. చేసేటప్పుడు మనసులో ఏముంది అన్నదాని మీదికి దృష్టి మళ్లించాడు. పక్కవాళ్ల బాధకి కారణం చెప్పడానికి దాన్ని వాడమని ఎక్కడా అనలేదు. ఈ ఒక్క సుత్తం ఆస్పత్రుల వరండాల్లో అతికిస్తే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది.

మళ్లీ పుట్టేది ఎవరు మరి

ఇక్కడికొచ్చాక నా హేతువాది మిత్రుడు ఊరుకోడు. నేనన్నదే లేనప్పుడు మళ్లీ పుట్టేదెవరు? ఒకడు చేస్తే ఇంకొకడు అనుభవిస్తాడా? చాలా న్యాయమైన ప్రశ్న. సాతి అనే భిక్షువు, చేపలు పట్టేవాళ్ల కుర్రాడు, దీన్ని సులువుగా తేల్చేశాడు: ఈ విజ్ఞానమే జన్మ నుంచి జన్మకి తిరుగుతోంది, మాట్లాడేదీ అనుభవించేదీ ఇదే. బుద్ధుడు అతన్ని పిలిపించి, తెలివిమాలినవాడా, నేనలా ఎవరికి చెప్పాను అని నలుగురిలో మందలించాడు. కట్టెల మీద మండితే కట్టెల మంట, గడ్డి మీద మండితే గడ్డిమంట, పేడ మీద మండితే పేడమంట. కంటి వల్ల పుడితే కంటి విజ్ఞానం, చెవి వల్ల పుడితే చెవి విజ్ఞానం. ఊళ్లు తిరిగే మంట ఏదీ లేదు. ఎవరు తృష్ణ పడుతున్నారు అని ఫగ్గునుడు అడిగితే, ఆ ప్రశ్నే తప్పు, దేనివల్ల తృష్ణ పుడుతోంది అని అడుగు అన్నాడు.

జవాబు పకడ్బందీగా ఉంది, నా సందేహం మాత్రం పూర్తిగా తీరలేదు. కారణాల వరస ఈ జన్మలో నడుస్తోందంటే నాకు కళ్లెదుటే కనిపిస్తోంది. చావు గోడ దాటి కూడా నడుస్తుందనడానికి నాకు కనిపించే ఆధారం లేదు, కాబట్టి నేను పునర్జన్మ నమ్మను. అలాగని తొలి బౌద్ధంలో అది లేదని, ఎవరో దూర్చారని మాత్రం అనలేను. నికాయాల్లో అది పేజీ పేజీకీ ఉంది.

ఈ విషయంలో అంబేద్కర్ చేసింది నాకు నచ్చుతుంది. ఆయన చనిపోయాక 1957లో వచ్చిన "బుద్ధుడు-అతని ధమ్మం" ముందుమాటలోనే చిక్కులన్నీ బయటపెట్టేశాడు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని అంతవరకూ చూడలేదంటే నమ్మేదెలా? నాలుగు ఆర్యసత్యాలు మొదటి బోధేనా? ఆత్మ లేకుండా పునర్జన్మ ఎలా? భిక్షువు ఉన్నది తన మోక్షానికా, జనానికి సేవ చేయడానికా? తర్వాత తనకు సరైనదనిపించిన జవాబులతో పుస్తకం కట్టాడు. పునర్జన్మని కూడా దేహంలోని భూతాలు ప్రకృతిలో కలిసి మళ్లీ కూడటంగా చెప్పాడు. అది నికాయాల్లో ఉన్న అర్థం కాదని నా అభిప్రాయం. కానీ ఆయన చీకట్లో కత్తెర వేయలేదు, ఎక్కడ కోస్తున్నాడో, ఎందుకు కోస్తున్నాడో దీపం పెట్టి చూపించాడు. అన్నట్టు 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుడు విష్ణువు అవతారమంటే నమ్మను అన్నది కూడా ఒకటి. మా ఏకాదశి మిత్రుడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు, గ్రూపు ప్రశాంతంగా ఉండనిద్దామని.

పాస్‌బుక్ లేనివాడికి "నాది కాదు" అని చెప్పడం

నా అభిప్రాయానికి అన్నిటికంటే గట్టి దెబ్బ పుస్తకంలోంచి తగల్లేదు. మా ఊరికి వెళ్లినప్పుడు మా పొలం పక్క చెక్క కౌలుకి చేసే ఆయనతో గట్టు మీద కూర్చుని మాట్లాడుతుంటే, నేను ఉత్సాహం కొద్దీ ఈ నేను-నాది సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "నాది అనుకుంటేనే బాధ అంటారు, బాగానే ఉంది సార్. అనుకోడానికి నా పేరున పాస్‌బుక్ ఉంటే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వడగళ్లవాన వచ్చి పంట పోయిన ఏడాది నష్టపరిహారం పట్టాదారు ఖాతాలో పడిందని, తనకు రాలేదని అంతకు ముందే చెప్పి ఉన్నాడు.

ఉన్నవాడికి నాది వదిలెయ్ అంటే అది తత్వం. ఎప్పుడూ ఏదీ లేనివాడికి అదే మాట చెప్తే వెక్కిరింత. ఈ అభ్యంతరానికి నేను కొంతవరకే బదులు చెప్పగలను. దీఘ నికాయంలో ఒక రాజ్యం ఎలా చెడిపోయిందో చెప్పే సుత్తం ఉంది. లేనివాళ్లకు రాజు ధనం ఇవ్వలేదు కాబట్టి దరిద్రం పెరిగింది, దరిద్రం వల్ల దొంగతనం, దొంగతనం వల్ల ఆయుధాలు, ఆయుధాల వల్ల హత్యలు. ఇంకో సుత్తంలో దొంగలు ఎక్కువయ్యారని బాధపడే రాజుకి పురోహితుడు, చంపి లాభం లేదు, సేద్యం చేసేవాడికి విత్తనాలివ్వు, వర్తకుడికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి జీతమివ్వు అంటాడు. ఇది ఉంటే అది ఉంటుంది అన్న సూత్రాన్నే మనసు మీద కాకుండా ఊరి మీద పెట్టి చూడటం ఇది. ఎద్దు తప్పిపోయి, వెతికి వెతికి ఆకలితో వచ్చిన ఆళవి రైతుకి ముందు అన్నం పెట్టించి అప్పుడు ధర్మం చెప్పాడన్న కథ తర్వాతి కాలపు వ్యాఖ్యానంలోదే అయినా, ఆ సంప్రదాయం తన గురువుని ఎలా గుర్తుపెట్టుకోవాలనుకుందో చెప్తుంది.

కానీ ఇంతటితో సరిపెట్టేస్తే నేను కూడా కత్తెర పట్టుకున్నట్టే. సంఘం నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఒక నియమం ఉంది: అప్పున్నవాడికి ప్రవ్రజ్య ఇవ్వకూడదు, అంటే అతన్ని సంఘంలో చేర్చుకోకూడదు. దాసుడికీ ఇవ్వకూడదు. రాజు కొలువులో ఉన్న సైనికుడికీ ఇవ్వకూడదు. ఎలా వచ్చాయో కూడా అక్కడే రాసి ఉంది. సరిహద్దుల్లో గొడవలు జరుగుతుంటే సైనికులు సంఘంలో చేరిపోయారు, సేనానులు గుర్రుమన్నారు, మగధ రాజు బింబిసారుడు స్వయంగా వచ్చి ఇది బాగుండదన్నాడు. తర్వాత ఒక బాకీదారు పారిపోయి భిక్షువైతే అప్పులవాళ్లు గోల చేశారు. ఒక్కొక్క గొడవకీ ఒక్కొక్క నియమం పుట్టింది.

మా పొలం పక్క మనిషికి సొసైటీలో అప్పు లేదు, కౌలు కాగితం లేదు కాబట్టి ఇవ్వరు. ఉన్నదంతా నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చింది. ఆయన ఆ కాలంలో రాజగృహం వెళ్లి అడిగి ఉంటే, ముందు బాకీ తీర్చుకుని రమ్మనేవాళ్లు. సంఘం బతకాలంటే రాజుతో, సేఠ్‌లతో పేచీ పెట్టుకోకూడదు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ దేనివల్ల ఏది పుట్టిందో చూడమన్నది ఆయనే కనుక అలాగే చూస్తాను: ఈ మూడు నియమాలు పుట్టింది లోభం, ద్వేషం, మోహం గురించిన విచారణలోంచి కాదు, డబ్బూ సైన్యమూ ఉన్నవాళ్ల ఫిర్యాదుల్లోంచి. నికాయాల్ని ఎంత ఇష్టంగా చదివినా ఈ మూడింటి దగ్గర నేను అప్పున్నవాడి వైపే ఉంటాను.